ముప్పై రెండు మిల్లీమీటర్ల మొక్కు

ఆదివారం ఉదయం ఏడింటికి గుంటూరులో బయలుదేరి, ఎనిమిదిన్నరకల్లా పెదకాకాని గుళ్ళో సైకిలుకు పూజ చేయించి, తొమ్మిదిన్నరకు ఇంటికి తిరిగొచ్చి ఇడ్లీ తినాలని శివరామకృష్ణ అనుకున్నాడు. అనుకోవడంలో అతనికి సాటి వచ్చేవాళ్ళు తక్కువ. మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్ళుగా సూపర్‌వైజరు. ఏ రైతు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఏ గదిలో ఏ వరుసలో ఉన్నాయో కాగితం చూడకుండా చెప్పగలడు. ఇంట్లో తన కళ్ళజోడు ఎక్కడుందో మాత్రం భార్య రాజ్యం చెప్పాలి.

సైకిలు సంగతి ముందు చెప్పుకోవాలి. షుగరు ఉందని డాక్టరు చెప్పిన వారానికే తాడేపల్లిలో ఒక ఉద్యోగస్థుడి దగ్గర శివరామకృష్ణ పాత రోడ్ బైకు ఒకటి కొన్నాడు. కిందికి వంగిన హ్యాండిలు, కూర్చుంటే గుచ్చుకునే సీటు, వేలెడు లావు కూడా లేని టైర్లు. రాజ్యం దాని చుట్టూ ఒకసారి తిరిగి, స్టాండు ఏదీ, క్యారేజీ ఏదీ, బెల్లు ఏదీ అని అడిగింది. అవి లేకపోవడమే దీని గొప్ప అన్నాడతను. లేనివాటిని చూపించి గొప్ప చెప్పుకునే వస్తువును ఆవిడ అప్పటిదాకా చూడలేదు.

కానీ తెల్లవారుజామున ఆ సైకిలెక్కి ఏటుకూరు దాటి మిరపచేల మధ్య రోడ్డు మీద పడ్డాడంటే శివరామకృష్ణ వేరే మనిషి. ఆ గంటన్నరసేపు అతన్ని ఎవరూ ఏమీ అడగరు. ఏ టిక్కీ ఎక్కడుందో చెప్పక్కర్లేదు. నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో తనొక్కడి కోసమని కొనుక్కున్న వస్తువు అదొక్కటే. దానిమీద అతనికి ప్రాణం. నవ్వుతారని ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

తంటా అంతా టైర్లతోనే వచ్చింది. సిమెంటు రోడ్డు పలకల సందులో ముందు టైరు దిగబడి మొదటిసారి పడ్డాడు, మోచెయ్యి గీరుకుపోయింది. మురుగుకాలవ మీది ఇనప ఊచల మధ్య దిగబడి రెండోసారి పడ్డాడు, మోకాలు వాచింది. ఆ మోకాలికి కాపడం పెడుతూ రాజ్యం తీర్పు చెప్పింది.

"నా బొటనవేలంత లావు టైర్లు వేయించండి. పెదకాకానిలో పూజ చేయించండి. ఆదివారంలోగా రెండూ అయితే తొక్కుకోండి, నేనేమీ అనను. లేదంటే అన్నయ్య మిషను పంపిస్తాడు, ఇంట్లోనే నడుద్దురుగాని."

మిషను అంటే ట్రెడ్‌మిల్లు. రాజ్యం అన్న బాపయ్య ప్రత్తిపాడు దగ్గర పత్తీ మిరపా పండించే రైతు. కొడుకు మోజుపడి కొనిపించిన ఆ ట్రెడ్‌మిల్లు మీద బాపయ్య ఇంట్లో మూడేళ్ళుగా తడిబట్టలు ఆరుతున్నాయి. అది గుంటూరు వస్తే, సైకిలు వెళ్ళి బాపయ్య గొడ్ల చావిట్లో ఉంటుందని అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకున్నారు. గోడకేసి చూస్తూ, ఎంత నడిచినా ఉన్నచోటే ఉండే ఆ నడక తలుచుకుంటేనే శివరామకృష్ణకు ఊపిరాడేది కాదు.

ఆ కంగారులో ఆన్‌లైనులో టైర్లు తెప్పించాడు. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లవి రాజ్యం బొటనవేలికి చాలవనిపించి ముప్పై రెండువి తెప్పించాడు. శుక్రవారం సాయంత్రం వాటిని తీసుకుని పాత గుంటూరులో గౌస్ బాషా సైకిలు షాపుకు వెళ్ళాడు. గౌస్ బాషా టైరును ఒకసారి చూశాడు, సైకిలును ఒకసారి చూశాడు, చక్రం పైన కమానులా వంగి ఉన్న బ్రేకు కింద సందులో చిటికెనవేలు పెట్టి చూశాడు. తర్వాత టైర్లు తిరిగి శివరామకృష్ణ చేతిలో పెట్టాడు.

"పట్టవు సార్. దీనికి ఇరవై ఎనిమిది దాకానే. మార్చుకు రండి."

ఆదివారమే పూజ అనీ, మార్చుకునే వ్యవధి లేదనీ, ఎలాగోలా ఎక్కించాలనీ శివరామకృష్ణ బతిమాలాడు. ముప్పై ఏళ్ళలో గౌస్ బాషా చాలామంది కస్టమర్లను చూశాడు గానీ సైకిలు టైరు కోసం కళ్ళలో నీళ్ళు తిరిగినవాణ్ణి చూడలేదు. జాలిపడి, గాలి లేకుండా టైర్లు ఎక్కించి, కొంచెం కొంచెంగా పంపు కొడుతూ చక్రం తిప్పి చూశాడు. పంపు ముల్లు నలభై దగ్గరికి వచ్చేసరికి టైరుకూ బ్రేకు కమానుకూ మధ్య దారప్పోగంత సందు మిగిలింది. అక్కడ ఆపేశాడు. దారిలో అవసరపడితే ఏ పంపయినా పట్టేలా వాల్వుల మీద చిన్న ఇత్తడి తొడుగులు కూడా బిగించాడు. ఆ తొడుగులు బిగించకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"నలభై దాటి ఒక్క పాయింటు కూడా కొట్టొద్దు సార్. కొడితే టైరు ఉబ్బి కమానుకు పట్టేసుద్ది, ఇంక చక్రం తిరగదు. పూజ అయ్యాక సోమవారం రండి, సరైనవి తెప్పించి ఉంచుతా."

శివరామకృష్ణ ఇంటికి వచ్చి, టైర్లు అచ్చుగుద్దినట్టు సరిపోయాయని రాజ్యంతో చెప్పాడు. ఆవిడ బొటనవేలు ఆనించి చూసుకుని తృప్తిపడింది.

ఆదివారం పొద్దున బాపయ్య మినీ వ్యాను వేసుకుని వచ్చాడు. పూజ కాని బండిని తొక్కకూడదని రాజ్యం కట్టడి చేసింది కాబట్టి సైకిలు వ్యానులో వెళ్ళాలి. వ్యానులో అప్పటికే ట్రెడ్‌మిల్లు ఉంది. పూజ సవ్యంగా జరిగితే వెనక్కి తీసుకుపోతాననీ, లేకపోతే వచ్చేటప్పుడు ఇంట్లో దింపేస్తాననీ, రెండుసార్లు తిరగడం దేనికనీ బాపయ్య అన్నాడు. బాపయ్య ముందుచూపున్న మనిషి. ఆ ట్రెడ్‌మిల్లు మీదే సైకిలును పడుకోబెట్టి, రాజ్యం ముందు సీట్లో కూర్చుంటే, వెనక మిగిలిన ఇరుకులో శివరామకృష్ణ కాళ్ళు ముడుచుకుని కూర్చుని పెదకాకాని చేరాడు.

గుడి ముందు కొత్త బళ్ళు బారులు తీరి ఉన్నాయి. పది గంటలకు వర్జ్యం వస్తుందట, ఈలోగానే అందరూ బండి కదిలించాలి. సైకిలును చూసి పూజారి, చిన్నదే కదా, రెండు నిమిషాల్లో అయిపోతుందని వరుసలో అందరికంటే ముందు పెట్టించాడు. దాని వెనక కనిగిరి నుంచి వచ్చిన చెంచురామయ్య అనే రిటైర్డ్ మాస్టారి ఎర్ర కారు, దాని వెనక రెండు ట్రాక్టర్లు, ఒక ఆటో. పూజ టిక్కెట్టు, కొబ్బరికాయలు తేవడానికి వెళ్తూ శివరామకృష్ణ, సైకిలును కాస్త చూస్తుండమని బాపయ్యతో చెప్పాడు.

బాపయ్యకు ఉత్తినే చూడటం చేతకాదు. ఆ పల్లెల్లో ఎద్దును చూస్తే పళ్ళు చూస్తారు, బండిని చూస్తే టైరు నొక్కుతారు. బాపయ్య నొక్కాడు. వేలు దిగబడింది. పూజకు తెచ్చిన బండికి గాలి లేకపోవడం ఎంత అప్రతిష్ఠ అనుకున్నాడు. చెంచురామయ్య మాస్టారి కొత్త కారులో, కారు ప్లగ్గుకు తగిలిస్తే నడిచే చిన్న గాలి పంపు ఉంది. కొన్నదగ్గర్నుంచీ దాన్ని ఎప్పుడు వాడదామా అని మాస్టారు కాచుకుని ఉన్నాడు. ఇద్దరూ కలిసి రెండు టైర్లకూ తొంభై దాకా కొట్టించారు. బాపయ్య మళ్ళీ నొక్కి చూసి, ఈసారి వేలు నొప్పి పుట్టేసరికి సంతోషించాడు.

శివరామకృష్ణ తిరిగొచ్చేసరికి పూజారి సిద్ధంగా ఉన్నాడు. హ్యాండిలుకు బంతిపూల దండ వేశారు, పసుపు రాశారు, బొట్లు పెట్టారు. పూజారి శిష్యుడు వ్యానులో ఉన్న ట్రెడ్‌మిల్లుకు కూడా ఒక బొట్టు పెట్టి వచ్చాడు. గుమ్మడికాయ పగిలింది, కర్పూరం వెలిగింది. రెండు చక్రాల ముందూ రెండు నిమ్మకాయలు పెట్టి, సైకిలెక్కి తొక్కమనీ, నిమ్మకాయలు చితకాలనీ పూజారి చెప్పాడు. రాజ్యం చేతులు జోడించింది.

శివరామకృష్ణ సైకిలెక్కి పెడలు మీద కాలేశాడు. పెడలు దిగలేదు. లేచి నిలబడి బరువంతా వేశాడు. రాతి మెట్టు మీద నిలబడ్డట్టుంది తప్ప ఏమీ కదల్లేదు. కిందికి వంగి చూశాడు. టైరు బ్రేకు కమానును కరుచుకుని ఉంది. పక్కకు చూశాడు. బాపయ్య గాలి పంపు వైరు చుట్టుకుంటూ కనిపించాడు.

"గాలి బొత్తిగా లేదు బావా. నేను చూసుకోబట్టి సరిపోయింది" అన్నాడు బాపయ్య.

శివరామకృష్ణ వ్యాను వైపు చూశాడు. నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కానీ ఆ వాక్యం చెబితే సరిపోని టైర్లను సరిపోయాయని అబద్ధం చెప్పినట్టు తేలిపోతుంది. వ్యాను పది గజాల దూరంలోనే ఉంది, అందులో ట్రెడ్‌మిల్లు బొట్టు పెట్టుకుని మరీ సిద్ధంగా ఉంది. కొత్త టైర్లు కదా, కాస్త బిగుసుకున్నాయని గొణిగాడు.

బిగుసుకుంటే తోస్తే పోతుందని బాపయ్యా, ట్రాక్టరు తాలూకు ఇద్దరు మనుషులూ వెనకనుంచి తోశారు. చక్రం తిరగలేదు గానీ సైకిలు మొత్తంగా జారింది. నిమ్మకాయ చితకకుండా టైరుకు ముందు దొర్లుకుంటూ పోయింది. జనంలో గుసగుస మొదలైంది. చెంచురామయ్య మాస్టారు వాచీ చూసుకుని, సైకిలు పది కేజీలు కూడా ఉండదు, ఎత్తి నిమ్మకాయల అవతల పెట్టేయకూడదా అని మర్యాదగానే అడిగాడు. చక్రం తిరిగి దాటాలే తప్ప ఎత్తి దాటించడం తానెక్కడా వినలేదని పూజారి అన్నాడు. పోనీ పక్కకు తీస్తే? నిమ్మకాయలు పెట్టాక దాటకుండా పక్కకు తీయడం మరీ అరిష్టమని వెనక ట్రాక్టరు ఆసామీలే ఒప్పుకోలేదు. మోటార్లున్న నాలుగు బళ్ళను మోటారు లేని సైకిలు ఆపేసింది.

శివరామకృష్ణకు ఉపాయం తట్టింది. చక్రానికి దణ్ణం పెడుతున్నట్టు వంగి, అరచేతి చాటున వాల్వు నొక్కాడు. బుస్సుమంది. నాలుగు పాయింట్ల గాలి పోయిందో లేదో బాపయ్య వినేశాడు. వాల్వు లూజుగా ఉందని కనిపెట్టి, మళ్ళీ పంపు తెచ్చి, ఈసారి వంద దాకా కొట్టి, మూతలు బలంగా బిగించాడు. చెంచురామయ్య మాస్టారు పంపు పనితీరు గురించి నలుగురికీ వివరించాడు.

అప్పుడు కారు ముందు సీట్లో కూర్చున్న మాస్టారి తల్లి వెంకటరావమ్మ అద్దం దింపింది. ఆవిడకు ఎనభై దాటాయి. అంతసేపూ కారులోంచే చూస్తూ కూర్చుంది.

"ఏమ్మా, స్వామికి తీర్చని మొక్కేదన్నా ఉందా మీకు?" అని రాజ్యాన్ని అడిగింది.

రాజ్యం చప్పున భర్త తలకేసి చూసింది. మూడేళ్ళ కిందట శివరామకృష్ణకు డెంగీ వచ్చింది. నాలుగు రోజులు ఏ సంగతీ చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆ నాలుగు రోజులూ ఆవిడ బతికినట్టు బతకలేదు. మనిషి ఇంటికొస్తే ఆయన తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుంది. మనిషి ఇంటికొచ్చాడు, తలనీలాలు మాత్రం తల మీదే ఉండిపోయాయి. ఒకసారి మేనల్లుడి పెళ్ళి అన్నాడు, ఒకసారి ఆఫీసు గుర్తింపు కార్డుకు ఫోటో అన్నాడు, ఒకసారి చలి అన్నాడు. నలభై తొమ్మిదేళ్ళకు కూడా అతని జుట్టు వత్తుగా, నల్లగా, పాపిడి తీసినచోట నిలబడేది. కోల్డ్ స్టోరేజీలో అతన్ని గుర్తుపట్టడానికి అందరూ చెప్పే గుర్తు అదే.

"ప్లేట్‌లెట్లు పడిపోయిననాడు ఆసుపత్రి వరండాలో కూర్చుని మొక్కుకున్నానండీ. అడిగినప్పుడల్లా దాటేశారు. ఇప్పుడు చూడండి, కదలనంటోంది" అంది రాజ్యం.

ఇంక ఎవరికీ సందేహం మిగల్లేదు. పూజారి తల పంకించాడు. ట్రాక్టరు ఆసాముల్లో ఒకడు తమ ఊళ్ళో సరిగ్గా ఇలాగే ఒక లారీ ఆగిపోయిన సంగతి చెప్పడం మొదలెట్టాడు. రాజ్యం కళ్ళలో నీళ్ళు చూసి శివరామకృష్ణకు నిజంగానే సిగ్గేసింది. కానీ ఆ సిగ్గులో కూడా అతని బుర్ర పనిచేస్తూనే ఉంది. నిజం చెబితే సైకిలు పోతుంది. చెప్పకపోతే జుట్టు పోతుంది. జుట్టు మళ్ళీ మొలుస్తుంది, చావిట్లోకి పోయిన సైకిలు తిరిగిరాదు. పైగా గుండుతో తిరిగొచ్చినవాడు చక్రం దగ్గర కూర్చుని ఎంతసేపు దణ్ణం పెట్టుకున్నా ఎవరూ అనుమానించరు. ఆ వ్యవధిలో తీయాల్సినంత గాలి తీసేయొచ్చు.

"సరే. ఇప్పుడే ఇచ్చేస్తాను" అన్నాడు.

చొక్కా, వాచీ, ఫోను రాజ్యం చేతికిచ్చి తలనీలాలు తీసే కల్యాణకట్ట వైపు నడిచాడు. ధైర్యం చెప్పడానికి బాపయ్య వెంట వెళ్ళాడు. అక్కడ టిక్కెట్టు దగ్గర ఐదుగురు ముందున్నారు. ఆ ఐదుగురినీ శివరామకృష్ణ ప్రేమగా చూశాడు, ఇంకో యాభై మంది ఉన్నా బాగుండేదనుకున్నాడు. అతని వంతు రానే వచ్చింది. తల తడిపి, కుడివైపు నుంచి కత్తి పెట్టారు. మొదటి కుచ్చు ఒళ్ళో పడ్డప్పుడు అతనికి ఏడుపొచ్చింది. భక్తి అనుకుని బాపయ్య వీపు నిమిరాడు.

గుండుకు గంధం రాసుకుని తిరిగొచ్చేసరికి తొమ్మిదీ ముప్పావు. జనం దారిచ్చారు. శివరామకృష్ణ అనుకున్న ప్రకారం చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చోబోయాడు.

"ఇంకెందుకండీ, ఎక్కండి" అంది రాజ్యం.

"ఒక్క నిమిషం, దణ్ణం పెట్టుకుని."

"మొక్కు తీరింది కదా. ఎక్కండి."

అందరూ చూస్తున్నారు. వర్జ్యం ముంచుకొస్తోంది. శివరామకృష్ణ సైకిలెక్కి, జుట్టూ పోయె సైకిలూ పోయె అనుకుంటూ పెడలు తొక్కాడు. పెడలు దిగింది. చక్రం తిరిగింది. నిమ్మకాయలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి చప్పుడు చేస్తూ చితికాయి. "హరహర మహాదేవ" అన్నారు జనం. ఎర్ర కారు కదిలింది, ట్రాక్టర్లు కదిలాయి, ఆటో కదిలింది. వెంకటరావమ్మ కిటికీలోంచి శివరామకృష్ణకేసి చేతులెత్తి మొక్కింది. బాపయ్య రాజ్యాన్ని గుంటూరులో దింపి, తన ట్రెడ్‌మిల్లును తీసుకుని ప్రత్తిపాడు దారి పట్టాడు.

అందరికంటే ఎక్కువ దిగ్భ్రమ శివరామకృష్ణకే. వంద పాయింట్ల గాలి ఉన్న టైరు ఆ కమాను కింద తిరగదని అక్కడున్న వాళ్ళందరిలోకీ బాగా తెలిసినవాడు అతనే. తెలిసీ తిరిగింది. గుంటూరు దాకా సైకిలు తొక్కుతుంటే అతని ఒళ్ళు గగుర్పొడుస్తూనే ఉంది. ఇంట్లో ఇడ్లీలు చల్లారిపోయినా పట్టించుకోలేదు. దేవుడి గదిలోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాడు. బయటికి వచ్చి, ఇకనుంచి ప్రతి ఏడూ ఇదే రోజున స్వామికి తలనీలాలిస్తానని, తన నోటితో తనే, ఎవరూ అడగకుండా రాజ్యం ముందు మాటిచ్చాడు.

"మీ ఇష్టం" అంది రాజ్యం.

సోమవారం పొద్దున టోపీ పెట్టుకుని గౌస్ బాషా షాపుకు వెళ్ళాడు. గౌస్ బాషా టోపీకేసి ఒకసారి చూశాడు. ముందు టైరు, వెనక టైరు పట్టి చూశాడు.

"సరిగ్గా తీశారు సార్, అమ్మగారు. నలభై ఉంటుంది."

"ఏ అమ్మగారు?" అన్నాడు శివరామకృష్ణ.

గౌస్ బాషా చెప్పాడు. గాలి ఎక్కువ కొట్టలేదు కదా అని కనుక్కుందామని ఆదివారం తొమ్మిదింటి తర్వాత ఫోను చేశాడు. ఫోను రాజ్యం ఎత్తింది. చక్రం కదలడం లేదని చెప్పింది. టైరు లావు ఎక్కువని సారుకు ముందే చెప్పాననీ, గాలి తీస్తే తిరుగుతుందనీ గౌస్ బాషా అన్నాడు. మూత ఎలా తీయాలో, వాల్వు ఎలా నొక్కాలో ఫోనులోనే చెప్పించుకుని, చుట్టూ అందరూ ఏదో లారీ కథలో పడి ఉన్నారంటూ, ఆవిడ కొంగు చాటున రెండు టైర్లకూ నొక్కి, చక్రం తిప్పి చూసుకుని, తిరుగుతోందని చెప్పింది.

శివరామకృష్ణ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అప్పుడు నేనెక్కడున్నానంది?"

"గుండు టిక్కెట్టు దగ్గర నిలబడ్డారన్నారు సార్. ఇక్కణ్ణించి కనబడతన్నారు, ముందు ఇంకా ముగ్గురున్నారు అన్నారు. అయితే కేకేసి పిలవండమ్మా, చక్రం తిరుగుద్దిగా అన్నా." గౌస్ బాషా రెంచీ తుడుచుకున్నాడు. "పోనీలే బాషా, ఎటూ వెళ్ళారు కదా అన్నారు."

శివరామకృష్ణ చాలాసేపు షాపు ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఈలోగా గౌస్ బాషా ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల టైర్లు వేశాడు. అవి హాయిగా తిరిగాయి. రాజ్యాన్ని నిలదీయాలని మనసులో మూడు రకాలుగా మాటలు కూర్చుకున్నాడు. ఎలా మొదలుపెట్టినా రెండో మాటకే టైర్ల సంగతి వస్తోంది. టైర్ల సంగతి వస్తే అచ్చుగుద్దినట్టు సరిపోయాయన్న సంగతి వస్తోంది. ఆవిడకు తెలుసని తనకు తెలుసు. తనకు తెలిసిందని ఆవిడకు తెలియనివ్వకుండా ఉండటమే క్షేమమని చివరికి తేల్చుకుని, ఇంటికి వచ్చి సైకిలు గోడకు ఆనించాడు.

రాజ్యం వంటగదిలో క్యాలెండరు ముందు నిలబడి ఉంది. తిరిగి చూడకుండానే, చక్రాలు బాగా తిరుగుతున్నాయా అని అడిగింది.

"స్వామి దయ" అన్నాడు శివరామకృష్ణ.

"అవును మరి" అని, రాజ్యం నిన్నటి తేదీ చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కనే 'ప్రతి ఏడూ' అని రాసుకుంది.